రజాకారు: ఒక మాట చరిత్ర

ఉర్దూలో రజాకార్ అనే మాటకు అర్థం చాలా మెత్తనిది. రజా అంటే ఇష్టం, సమ్మతి. ఎవరూ బలవంతపెట్టకుండా, జీతం ఆశించకుండా, తన ఇష్టంతో తాను సేవకు ముందుకొచ్చినవాడు రజాకార్. వరదలొచ్చినప్పుడు, రోగాలు ప్రబలినప్పుడు సాయానికి దిగే వాలంటీర్లను ఉర్దూ మాట్లాడే జనం ఆ పేరుతోనే పిలుస్తారు. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట రంగే మారిపోయింది. తెలంగాణ పల్లెల్లో రజాకార్లంటే ఇళ్ళు తగలబెట్టినవాళ్ళు, ధాన్యం దోచుకుపోయినవాళ్ళు, ఆడవాళ్ళ మీద చెయ్యి వేసినవాళ్ళు, మనుషుల్ని వరసగా నిలబెట్టి కాల్చినవాళ్ళు. ఆ మాటకు ఈ అర్థాన్నిచ్చింది పండితులు కాదు, పడ్డ దెబ్బలు. అందుకని ఆ అర్థం తప్పని ఎవరూ అనలేరు. అనకూడదు కూడా.

అయితే ఆ మాట అక్కడితో ఆగలేదు. చేసినవాళ్ళ మీది నుంచి జారి చెయ్యనివాళ్ళ మీదికొచ్చింది. తాతల మీది నుంచి మనవల మీదికొచ్చింది. బడిలో పిల్లవాడితో పేచీ వస్తే, కిరాయికి ఇల్లు అడిగితే, హిందువూ ముస్లిమూ ఒకే సీటుకు పోటీపడితే, అవతలివాడి నోట మొదట వచ్చే తిట్టు అదే అయ్యింది. కత్తి పట్టినవాడికి పెట్టిన పేరు, టోపీ పెట్టుకున్నవాడికి ఎలా అంటుకుంది? ఎవరు అంటించారు? ఆ పేరుకు ఎవరు ఎంత మూల్యం చెల్లించారు? మాట మనిషిని చంపగలదా, కాపాడగలదా అని తెలుసుకోవాలంటే ఈ ఒక్క మాట నడిచిన దారి చూస్తే చాలు.

అంతకుముందు మనల్ని ఏమని పిలిచారో కూడా చూడాలి. తురక అనే మాట పాతది. తురుష్కుడు అనే సంస్కృత పదం నుంచి వచ్చింది. 1323లో ఓరుగల్లు పడిపోయిన తర్వాత ప్రోలయ నాయకుడు వేయించిన విలస తామ్రశాసనంలో తురుష్కుల మీద కసి కనిపిస్తుంది. యుద్ధంలో ఓడినవాళ్ళ కసి అది. ఆ కాలపు మాటలన్నీ అదే దోవలో నడిచాయా అంటే, లేదు. 14వ శతాబ్దం నడుమ విజయనగర రాజులు తమకు తాము పెట్టుకున్న బిరుదుల్లో ఒకటి హిందూరాయ సురత్రాణ. సురత్రాణ అంటే సుల్తాను. హిందూ రాజుల్లో సుల్తానునని చెప్పుకోవటం వాళ్ళకు అవమానంగా తోచలేదు, గొప్పగానే తోచింది.

గోల్కొండ కాలానికి వస్తే దూరం ఇంకా తగ్గింది. ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగువాళ్ళు మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధర కవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నికంటి తెలగనార్యుడు అచ్చ తెలుగులో రాసిన యయాతి చరిత్రను అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడు. సంస్కృత వాసన లేని తెలుగులో కావ్యం పుడితే, దాన్ని అందుకున్న చెయ్యి ఒక ముస్లింది. మల్కిభరాముడు అనే పేరులో ఒక నిజం ఉంది. నోటికి పలకని పేరును ఎవరూ ముద్దుగా మార్చుకోరు. పరాయివాడనుకున్నవాడి పేరు పక్కన రాముడి చప్పుడు వినిపించనివ్వరు.

ఇదంతా చెప్పి ఆ రోజుల్లో అంతా పాలూ నీళ్ళలా కలిసిపోయారని అనటం లేదు. రాజులు రాజుల్లాగే ఉన్నారు. గుళ్ళు కూలాయి, ఇనాములూ అందాయి. శిస్తు కట్టే రైతుకు ఏ రాజైనా ఒకటే. చెప్పేదేమిటంటే, పిలుపు ఒకే చోట నిలిచి ఉండదు. పిలిచేవాడి అవసరాన్ని బట్టి అదే మనిషి తురుష్కుడవుతాడు, మల్కిభరాముడూ అవుతాడు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ అవసరం మారింది.

నిజాం రాజ్యంలో 1941 జనగణన నాటికి ముస్లింలు నూటికి పదమూడు మంది లోపే. పైన నవాబులు, జాగీర్దార్లు, పెద్ద ఉద్యోగులు కొద్ది మంది. కింద ఉన్నది నేతగాళ్ళు, దూదేకులవాళ్ళు, కసాయిలు, జట్కా తోలేవాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు, పోలీసు జవాన్లు, చప్రాసీలు, పల్లెల్లో చిన్న సేద్యం చేసుకునేవాళ్ళు. దేవిడీలో పుట్టినవాడికీ గుడిసెలో పుట్టినవాడికీ మధ్య ఉన్నది నమాజు వరస ఒక్కటే. నమాజు అయిపోగానే ఎవరి దోవ వారిది.

ఈ గరీబుకు ఒక మాట వినిపించింది. 1927లో పుట్టిన మజ్లిస్‌కు 1938 నుంచి బహాదూర్ యార్ జంగ్ నాయకుడు. ఆయనంతటి వక్త ఆ రోజుల్లో హైదరాబాదులో లేడు. గంటల తరబడి మాట్లాడితే జనం కదలకుండా వినేవాళ్ళు. ఆయన చెప్పిన సిద్ధాంతం అనల్ మాలిక్. ప్రభువును నేనే అని దాని అర్థం. రాజ్యాధికారం నిజాంది మాత్రమే కాదు, ముస్లిం కౌమ్ మొత్తానిది, నిజాం దానికి గుర్తు మాత్రమే అన్నాడు. రోజుకు రెండు పూటలా అన్నం దొరకని మనిషికి నువ్వు పాలకుడివని చెబితే ఏమవుతుంది? కడుపు నిండదు. ఛాతీ మాత్రం ఉబ్బుతుంది. భూమి ఇవ్వకుండా, చదువు ఇవ్వకుండా, గుర్రాన్నీ ఇవ్వకుండా ఇచ్చిన సింహాసనం అది. పక్కింటి హిందూ కూలీతో కలిసి దొరను నిలదీయాల్సిన మనిషి, ఆ దొర పాలనను తన పాలన అనుకున్నాడు. ఒక్క మాట రెండు పనులు చేసింది. గరీబు ముస్లింకు తన గరీబీ కనపడకుండా చేసింది. ఎదుటి గరీబుకు అతన్ని పాలకుడిగా చూపించింది.

బహాదూర్ యార్ జంగ్ 1944లో చనిపోయాడు. 1946లో మజ్లిస్ లాతూరు వకీలు ఖాసిం రజ్వీ చేతికొచ్చింది. ఆయనదీ నోటి బలమే, కాని వివేకం తక్కువ. ఢిల్లీ ఎర్రకోట మీద ఆసఫ్‌జాహీ జెండా ఎగరేస్తామని, బంగాళాఖాతం అలలు నిజాం పాదాలు కడుగుతాయని సభల్లో గర్జించాడు. వినేవాళ్ళు తక్బీర్‌లు పలికారు. ఆ కేకల వెనక దేహదారుఢ్యం ఉందా, ఆయుధాలున్నాయా, చుట్టూ ఉన్న దేశం బలమెంత అన్న లెక్క లేదు. రజాకార్ అనే సేవ మాట ఆయన చేతుల్లోనే తుపాకి మాటయ్యింది.

దాని కింద నలిగినవాళ్ళను తలుచుకోకుండా మనం ముందుకు పోకూడదు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లూ నిజాం బలగాలూ ఊరిని చుట్టుముట్టి జనాన్ని ఊచకోత కోశారు. ఊరి బురుజు ఇప్పటికీ దానికి సాక్ష్యం. ఇలాంటి ఊళ్ళు నల్లగొండ, వరంగల్లు జిల్లాల్లో ఇంకా ఉన్నాయి. ఇస్లాం పేరు చెప్పి చేసిన పనులివి. పరాయి గుంపును వెక్కిరించొద్దని, ఒకరికొకరు చెడ్డ పేర్లు తగిలించొద్దని హుజురాత్ సూరా ఖండితంగా చెబుతుంది. నోటినే అదుపులో పెట్టమన్న దీన్‌ను చేతికి అడ్డూ అదుపూ లేకుండా వాడుకున్నారు.

ఆ మాటలకు ఎదురు మాట చెప్పిన ముస్లింలు లేరా? ఉన్నారు. వాళ్ళను మన పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో సరిపెడతాయి, మన సభలు వాళ్ళ పేర్లెత్తవు.

జనగామ తాలూకా కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ భూమి కోసం కోర్టుకెక్కాడు. విసునూరు దేశ్‌ముఖు బలం అవతలి పక్షాన ఉన్నా గెలిచాడు. 1940లో దేశ్‌ముఖు మనుషుల చేతుల్లో చనిపోయాడు. సుంకర, వాసిరెడ్డి రాసిన మాభూమి నాటకం ద్వారా ఆయన కథ ఊరూరా తిరిగింది. సాయుధ పోరాటానికి ముందే దొరకు ఎదురు తిరిగి ప్రాణమిచ్చిన రైతు ఒక ముస్లిం. దొర ఒక హిందువు. ఈ ఒక్క సంగతి తెలిసినవాడికి ఆ కాలాన్ని హిందూ ముస్లిం తగాదాగా చెప్పటం కుదరదు.

షోయబుల్లాఖాన్ ముప్పై నిండని పత్రికా సంపాదకుడు. ఇమ్రోజ్ అనే ఉర్దూ దినపత్రిక నడిపాడు. రజాకార్ల దురాగతాల మీద ఉర్దూలోనే రాశాడు. హైదరాబాదు భారతదేశంలో కలవాలని రాశాడు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకార్లను అదుపు చెయ్యాలని, భారత యూనియన్‌తో రాజీకి రావాలని బహిరంగంగా ప్రకటన ఇస్తే దాన్ని అచ్చువేశాడు. తమకు వ్యతిరేకంగా లేచే చేతులు తెగిపడతాయని రజ్వీ సభలో హెచ్చరించిన కొద్ది రోజులకే కాచిగూడలో రాత్రివేళ ఇంటికి పోతున్న షోయబుల్లాను కాపుకాసి కాల్చారు. రాసే చేతిని నరికారు. వేదిక మీద పలికిన మాట వీధిలో కత్తి కావటానికి ఎంతో దూరం నడవనక్కర లేదు. వేదిక మీదున్నవాడు కత్తి పట్టకపోవచ్చు. కత్తికి దోవ చూపించింది అతనే.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి ప్రవేశించింది. 17న నిజాం రేడియోలో మాట్లాడి యుద్ధం ఆపమన్నాడు. ఎర్రకోట మీద జెండా ఎగరేస్తామన్న గొంతులు అయిదు రోజుల్లో మూగపోయాయి. పెద్దలు దేవిడీల్లో తలుపులేసుకున్నారు. కొంతమంది అరెస్టయ్యారు, కొంతమంది సరిహద్దులు దాటారు. అనల్ మాలిక్ విన్న గరీబు మాత్రం తన గుడిసెలోనే ఉన్నాడు. అతనికి దాక్కోవటానికి చోటు లేదు.

అప్పుడు రజాకార్ అనే మాట రెండోసారి ఆయుధమయ్యింది. ఈసారి పట్టుకున్న చేతులు వేరు. ఊళ్ళో ఎవడైనా వేలెత్తి చూపించి రజాకార్ అంటే చాలు. విచారణ లేదు, సాక్ష్యం లేదు. అప్పు ఎగ్గొట్టాలనుకున్నవాడూ ఆ మాట అనొచ్చు, పొలం గట్టు తగాదా ఉన్నవాడూ అనొచ్చు. గడ్డమే రుజువు, పేరే నేరం.

ఏం జరిగిందో చూసి రమ్మని భారత ప్రభుత్వమే ఒక సద్భావ బృందాన్ని పంపింది. దానికి పండిట్ సుందర్‌లాల్ పెద్ద. పయామ్ పత్రిక నడిపిన ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ సభ్యులు. 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 దాకా తిరిగారు. రాజ్యంలో ఉన్న 16 జిల్లాల్లో 9 చూశారు. 109 ఊళ్ళ నుంచి వచ్చిన 500 మందికి పైగా మనుషులతో మాట్లాడారు. పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా కట్టారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో ఘోరం ఎక్కువ. ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ జిల్లాల్లోనూ వేలమంది పోయారు. లూటీలు, ఇళ్ళు తగలబెట్టటం, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు, బలవంతపు మతమార్పిళ్ళు, శవాలతో నిండిన బావులు, అన్నీ రాశారు. కొన్నిచోట్ల సైనికులే మగవాళ్ళను బయటికి తీసి చంపారని రాశారు. ముస్లింలను కాపాడిన సైనికాధికారుల గురించీ రాశారు.

ఆ నివేదికలో ఒక సంగతి మనం ఒకటికి రెండుసార్లు చెప్పుకోవాల్సింది. చాలాచోట్ల హిందువులు ప్రాణాలకు తెగించి ముస్లింలను దాచారు. ఒకే వృత్తి చేసుకునేవాళ్ళ మధ్య ఈ ప్రేమ మరీ ఎక్కువగా కనిపించింది. హిందూ నేతగాళ్ళు ముస్లిం నేతగాళ్ళను కాపాడబోయి తామే చనిపోయిన చోట్లున్నాయి. ఆలోచించండి. గుంపు వచ్చి ఈ ఇంట్లో తురకోడున్నాడా అని అడుగుతుంది. లేడని ఒక్క మాట చెప్పాలి. ఆ మాటకు వెల ఆ ఇంటి మనిషి ప్రాణం. నువ్వు రాజువని చెప్పిన వక్త మాట ఆ రోజు ముస్లింను కాపాడలేదు. పక్క మగ్గం మీద కూచున్నవాడు చెప్పిన అబద్ధం కాపాడింది.

ఈ నివేదికను ప్రభుత్వం అచ్చువేయలేదు. దశాబ్దాల పాటు పరిశోధకుల చేతుల్లో తునకలు తునకలుగా తప్ప జనానికి అందలేదు. 2013లో గాని ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్‌లో అది చూడటానికి వీలు కలగలేదు. 65 యేళ్ళు! దాని ఫలితం ఒక్కసారి లెక్క కట్టండి. బైరాన్‌పల్లి గురించి పాటలున్నాయి, పుస్తకాలున్నాయి, స్తూపాలున్నాయి. ఉండాలి. ఉస్మానాబాద్ బావుల గురించి ఒక్క మాట కూడా లేదు. నోరున్నవాడి గాయం చరిత్రయ్యింది. నోరు నొక్కినవాడి గాయం పుకారుగా మిగిలిపోయింది. పలికిన మాటే కాదు, పలకనివ్వని మాట కూడా మనుషులకు హాని చేస్తుంది. తన వాళ్ళు ఎలా చనిపోయారో చెప్పుకోలేని జనం మీద, వాళ్ళెలా చంపారో మాత్రమే రోజూ చెబుతుంటే, రెండు తరాల తర్వాత ఆ జనం పిల్లలు తమను తామే అనుమానంగా చూసుకోవటం మొదలుపెడతారు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ పుట్టుమచ్చ రాసేదాకా ఈ అవస్థకు తెలుగు కవిత్వంలో సొంత గొంతు లేకపోవటం ఊరికే జరిగింది కాదు.

ఇంకో లెక్క కూడా ఉంది. రజాకార్ల బలంతో పంట కల్లాల మీదికి, సంఘాల మీదికి పోయిన దేశ్‌ముఖులున్నారు. గడీల్లో రజాకార్లకు విడిది ఇచ్చి, భోజనాలు పెట్టి, ఏ ఇంటి మీద పడాలో చూపించిన దొరలున్నారు. తెలంగాణ పోరాటం నడిపినవాళ్ళే ఈ సంగతులు రాసిపెట్టారు. నిజాం చివరి ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గంలో ఉపప్రధాని పింగళి వెంకటరామారెడ్డి. ఈ దొరల మనవల్ని ఎవరైనా రజాకారని పిలిచారా? పిలవలేదు. వాళ్ళలో చాలామంది 1948 తర్వాత ఖద్దరు వేసుకుని ఊళ్ళకు తిరిగొచ్చారు. వదిలేసిన భూములు మళ్ళీ ఆక్రమించారు. మాట వాళ్ళను తాకకుండా పక్కనుంచి పోయింది. పోయి ఎక్కడ ఆగింది? సైకిలు రిపేరు చేసుకునే సాయిబు గుమ్మం ముందు. ఖాసిం రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. పేరు మాత్రం ఇక్కడ వదిలిపెట్టిపోయాడు. ఈ మట్టిని వదలనివాళ్ళు దాన్ని మోస్తున్నారు.

ఇంతకీ ఆ దెబ్బలు తిన్న జనం ముస్లింను ఎలా చూశారు? దీనికి ఊహ అక్కర లేదు, రుజువుంది. 1952లో హుజూర్‌నగర్ నుంచి శాసనసభకు గెలిచిన మనిషి మఖ్దూం మొహియుద్దీన్. నల్లగొండ జిల్లా అది. రజాకార్ల దౌర్జన్యం ఎక్కువగా చూసిన జిల్లా. ఆ గాయం మానటానికి నాలుగేళ్ళు చాలవు. అయినా ఆ రైతులు ఒక ముస్లింకు, ఉర్దూ కవికి ఓటేశారు. ఎందుకంటే అతను తమ పక్షాన మాట్లాడాడని, తమ కోసం అజ్ఞాతంలో, జైల్లో బతికాడని వాళ్ళకు తెలుసు. ఎవరు రజాకారో, ఎవరు కాదో ఆ రైతులకు స్పష్టంగా తెలుసు. పేరు చూసి పోల్చుకోలేదు, పని చూసి పోల్చుకున్నారు. తేడా తెలియకుండా పోయింది తర్వాతి తరాలకు. దెబ్బ తిన్నవాడి కంటే, దెబ్బ కథను అమ్ముకునేవాడి నోట్లోనే ఈ మాటకు విషం ఎక్కువ.

అందుకే సెప్టెంబరు 17 వచ్చిందంటే మాటల యుద్ధం మొదలవుతుంది. విమోచన అని ఒకరు, విలీనం అని ఒకరు, విద్రోహం అని ఇంకొకరు. 2022లో కేంద్రం విమోచన దినం జరిపితే, రాష్ట్రం సమైక్యతా దినం జరిపింది. 2024లో ప్రభుత్వం మారాక అదే రోజు ప్రజాపాలన దినోత్సవం అయ్యింది. అదే యేడాది రజాకార్ పేరుతో సినిమా కూడా వచ్చింది. ఒకే తేదీకి ఇన్ని పేర్లు పెట్టే ఓపిక ఉన్న దేశానికి, ఆ నెలలో చనిపోయిన వేలమంది కోసం ఒక్క పేరు వెతికే తీరిక లేకపోయింది.

మనం అడిగేదేమిటి? రజాకార్లు చేసింది మరిచిపొమ్మని అడగటం లేదు. బైరాన్‌పల్లి బురుజు మీద గుండు దెబ్బల్ని సున్నం కొట్టి కప్పమనటం లేదు. షోయబుల్లాను చంపిన మాట ఏ వేదిక మీది నుంచి వచ్చిందో ముందుగా మన మొహల్లాల్లోనే మన పిల్లలకు చెబుదాం. రెచ్చగొట్టే నాయకుడు మైకు పట్టుకుని మీరు సింహాలు, మీరు పాలకులు అన్నప్పుడు ఆ చప్పట్లకు బిల్లు ఎవరింటికి వస్తుందో 1948 మనకు నేర్పింది. ఆ బిల్లు వేదిక మీద ఉన్నవాడి ఇంటికి రాదు.

ఇటువైపువాళ్ళను అడిగేది కూడా అంతకంటే పెద్దదేం కాదు. రజాకార్ అనే మాటను చేసినవాడికి వాడండి, పుట్టినవాడికి వాడకండి. దొర పేరునూ అదే వరసలో రాయండి. సుందర్‌లాల్ కమిటీ చూసిన బావుల్ని కూడా పాఠంలో పెట్టండి. బందగీని, షోయబుల్లాను, ప్రాణమిచ్చిన ఆ పేరు తెలియని నేతగాళ్ళను ఒకే పేజీలో పెట్టండి.

తెలుగు భాష దగ్గర ఒక మంచి గుణం ఉంది. బయటి నుంచి వచ్చిన మాటను ఇది ఎప్పుడూ గుమ్మం దగ్గర నిలబెట్టలేదు. దున్నేవాడికి రైతు అనే పేరు అరబ్బీ నుంచి ఫారసీ మీదుగా వచ్చింది. ఆ రైతు కోర్టులో పెట్టుకునే దరఖాస్తు, అతని తరఫున నిలబడే వకీలు, అతను అడిగే హక్కు, అవతలివాడు చెప్పాల్సిన జవాబు, అన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చినవే. తురకోడా నీ దేశానికి నువ్వు పో అని అరిచే మనిషి కూడా, తన పొలం గట్టు మీద నిలబడి ఇది నా హక్కు అన్నప్పుడు మన మాటే మాట్లాడుతున్నాడు. ఆ మాటను తెలుగు ఇంత దగ్గరికి తీసుకుంది. దాన్ని తెచ్చిన మనుషుల్ని కూడా అంతే దగ్గరగా చూడమని అడగటం ఉపకారం కోరటం కాదు. అదీ హక్కే.